రసూల్‌బీ కోసం ఏడ్చిన ఏడుపు

మా ఊళ్ళో ఎవరింట్లో చావు జరిగినా ముందు నాకు కబురొస్తుంది. నేను వెళ్ళి గుమ్మం దగ్గర కూర్చుని గొంతెత్తితే, అప్పటిదాకా కొయ్యబారిపోయి ఉన్న ఆడమనిషి కూడా భళ్ళున ఏడుస్తుంది. అది ఆమెకు మేలు. ఏడవని మనిషి మంచాన పడుతుందని మా అమ్మ అనేది. శోకం పెట్టడం నాకు ఆవిడ దగ్గరే వచ్చింది.

దానికో పద్ధతి ఉంది. ఎవరింటికి పోతే వాళ్ళ ఏడుపు ఏడవాలి. ఏడ్చేటప్పుడు "నీ మొగుడు", "ఆమె కొడుకు" అనకూడదు. "నా తండ్రీ, నన్నొదిలి ఎటు పోయావు" అనే అనాలి. పోయినాయన రోజూ కళ్ళజోడు ఎక్కడో పెట్టి వెతుక్కునే మనిషైతే, ఆ కళ్ళజోడు నేనే వెతికిచ్చినట్టు ఏడవాలి. అందుకే ముందు ఇంటావిడ పక్కన చేరి మెల్లగా సంగతులు కనుక్కుంటాను. తర్వాత అవి నా నోట్లోంచి నావిగానే వస్తాయి. మధ్యలో పోయిన మా ఆయన రత్తయ్య కూడా వస్తాడు. పక్కనున్న ఆడవాళ్ళు కూడా అంతే, ఎవరి చావుకి వచ్చినా తమ వాళ్ళని కూడా ఏడ్చుకుని పోతారు. ఆమెది ఎక్కడ అయిపోయింది, నాది ఎక్కడ మొదలైంది అని మాలో ఎవరూ అడగరు.

ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, ఇది తెలియకపోతే నేను చేసిన పని మోసంలా కనబడుతుంది. తెలిసినా అలాగే కనబడుతుందేమో.

మాది జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల పోయే దారికి లోపలగా ఉన్న ఊరు. ఊరి వెనక కొండ ఉంది. కొండ సగం అయిపోయింది. మిగతా సగాన్ని క్రషర్ రోజూ పొడి చేస్తూనే ఉంటుంది. మా రత్తయ్య ఆ క్రషర్లో పదకొండేళ్ళు పనిచేశాడు. తర్వాత రెండేళ్ళు దగ్గాడు. మనిషి చివరికి దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియనంత అయ్యాడు. మూడేళ్ళ క్రితం ఆస్పత్రిలో, మంచం మీద, నేను టీ తేవడానికి కిందికి దిగినప్పుడు పోయాడు. కాగితం మీద టీబీ అని రాశారు. తర్వాత క్రషర్ వాళ్ళు పిలిచి ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. మట్టి ఖర్చులకని చెప్పారు, వేశాను.

ఆ సంగతి తెలిసి నన్ను తిట్టింది రసూల్‌బీ. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ. ఆమె మొగుడు ఖలందర్ కూడా అదే క్రషర్లో రాళ్ళు మోసే బెల్టు దగ్గర పని. "ఏం రాసుందో తెలీకుండా వేలు పెట్టొచ్చావా వదినా, ఆ వేలేదో అక్కడే ఇచ్చేసి రాకపోయావా" అంది. ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి. ఆ మర్నాటి నుంచి వాళ్ళ కూతురు సుల్తానా పాత పుస్తకాలు తెచ్చి, గోడ మీద పెట్టి, యాభై నాలుగేళ్ళ దాన్ని నాతో అక్షరాలు దిద్దించింది. తప్పు రాస్తే చెయ్యి మీద కొట్టేది కూడా. నేను ఆమె కంటే పదేళ్ళు పెద్ద.

మొన్న మే నెలలో ఖలందర్ పోయాడు.

పొద్దున ఎనిమిదింటికి డ్యూటీకి వెళ్ళాడు. మధ్యాహ్నం క్రషర్ మనిషి బండి మీద వచ్చి, మీ ఆయన్ని హైవే దగ్గర లారీ కొట్టిందని చెప్పి, అదే బండి మీద వెళ్ళిపోయాడు. రసూల్‌బీ చెప్పుల్లేకుండా పరిగెత్తింది. ఏదో ఆటో ఆపి ఎక్కింది. రోడ్డు పక్కన తుమ్మచెట్టు నీడలో పడుకోబెట్టి ఉన్నాడట. కాస్త దూరంలో నలుగురు మగాళ్ళు నిలబడి ఉన్నారట. అక్కడ ఆమె ఏం చూసిందో పది రోజులదాకా నాకు చెప్పలేదు.

ఆ రోజు వాళ్ళింటికి వెళ్ళి నేను అలవాటు ప్రకారం గొంతెత్తబోయాను. వాళ్ళ పెద్దాయన ఒకరు వచ్చి, "తాయారమ్మా, ఇక్కడొద్దమ్మా" అని మెత్తగా అన్నాడు. గొంతెత్తి ఏడిస్తే పోయినవాళ్ళకి కష్టమని వాళ్ళ నమ్మకం. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. రసూల్‌బీ చాప మీద కూర్చుని చప్పుడు లేకుండా కన్నీళ్ళు కార్చింది. ఆ రోజు నుంచి నాలుగు నెలల పది రోజులు ఆమె గడప దాటకూడదు, పరాయి మగాళ్ళ ముందుకి రాకూడదు. వాళ్ళలో దాన్ని ఇద్దత్ అంటారు. నేనే సరుకులు తెచ్చి గోడ మీద పెట్టేదాన్ని. సాయంత్రం గోడకి అటు ఆమె, ఇటు నేను.

పదో రోజు సాయంత్రం చెప్పింది. ఖలందర్ తల ఒళ్ళోకి తీసుకోగానే నోరు తెరుచుకుందట. నోటి నిండా తెల్లటి పొడి. నాలుక కనబడలేదట. ముక్కుల్లో కూడా ఉందట. లారీ కొట్టినవాడి నోట్లో క్రషర్ పొడి ఎట్లా వస్తుంది? బెల్టు కింద పేరుకున్నది ఎత్తిపోయడానికి దిగి ఉంటాడు, పైనున్న గుట్ట జారి ఉంటుంది. తీసేసరికి పోయి ఉంటాడు. తెచ్చి రోడ్డు మీద పెట్టారు.

ఆమె ఆ పొడిని వేలు పెట్టి తీసింది. తీస్తుంటే ఇంకా వచ్చిందట. తడిసి ముద్దలు ముద్దలుగా వచ్చిందట. పైట చెంగుతో పళ్ళూ పెదాలూ తుడిచింది. పోలీసులు వచ్చేసరికి ఆయన ముఖం శుభ్రంగా ఉంది. పోస్ట్‌మార్టం కాగితంలో పక్కటెముకలు విరిగినట్టు రాశారు. పక్కటెముకలు లారీ కిందా విరుగుతాయి, రాళ్ళ కిందా విరుగుతాయి.

"సాక్ష్యం నేనే తుడిచేశా వదినా," అంది. "అట్లా నోటినిండా మట్టితో ఎట్లా వదిలేయను చెప్పు."

ఆ సాయంత్రం నుంచి ఆమెకి ఒకటే పట్టుదల. నష్టపరిహారం సంగతి మాట్లాడితే ముఖం తిప్పుకునేది. ఖలందర్ ఎక్కడ పోయాడో కాగితం మీద సరిగ్గా రాయాలి. రోడ్డు మీద తాగి పడ్డవాడిలా కాకుండా, పనిలో పోయాడని రాయాలి. గడువు తీరాక తనే వెళ్ళి ఆఫీసరు ముందు కూర్చుని, తను చూసింది చెప్పుకుంటానంది. రోజులు లెక్కపెట్టుకునేది.

నేను ఆ రాత్రి మా వంటింట్లో తలుపేసుకుని ఆమె ఏడవలేని ఏడుపు ఏడ్చాను. తర్వాత కూడా చాలాసార్లు ఏడ్చాను. నా నోటికి అలవాటైపోయింది.

జూన్‌లో యశస్విని వచ్చింది. నందిగామ అమ్మాయి, లా చదువుతోంది. క్రషర్ల వల్ల చచ్చిపోయినవాళ్ళ కుటుంబాల కోసం ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాలోనూ ఒక పేజీ నడుపుతోంది. ఊళ్ళో మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళందరినీ పాలకేంద్రం వరండాలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి కథ ఫోన్లో తీస్తానంది. కథలు చెప్పకపోతే అర్జీలు ఎన్ని పెట్టినా ఎవరూ చదవరని, కథ వింటే ఊరూ పేరూ తెలియని వాళ్ళు కూడా మన వెనక నిలబడతారని చెప్పింది. మంచి పిల్ల. వచ్చిన ప్రతిసారీ మా అందరికీ ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెచ్చేది, ఎండకి పడిపోతామని.

వెళ్ళబోతూ గోడ దగ్గర రసూల్‌బీని అడిగాను, నీ సంగతి ఏం చెప్పమంటావని. "ఖలందర్ రోడ్డు మీద పోలేదు, క్రషర్లో పోయాడు. ఈ ఒక్క ముక్క చెప్పు చాలు. మిగతాది నేను చెప్పుకుంటా," అంది.

ఆ ఒక్క ముక్క నేను చెప్పాను. అది నిజం. నా వంతు రాగానే ముందు మా రత్తయ్య సంగతి చెప్పాను. రెండేళ్ళు దగ్గాడని, సన్నబడ్డాడని, పోయాడని. రెండు నిమిషాల్లో అయిపోయింది. పక్కన నాగవల్లి చెప్పిందీ అదే, అంతకు ముందామె చెప్పిందీ అదే. దగ్గూ, ఆస్పత్రీ, చావూ. తర్వాత ఖలందర్ పేరు చెప్పి, మా గోడవతల మనిషి, ఆయన క్రషర్లోనే పోయాడని చెప్పాను. అప్పుడు యశస్విని ఫోను అట్లాగే పట్టుకుని, "చివరిగా ముఖం చూసినప్పుడు ఏమనిపించిందమ్మా" అంది.

నా మనసులో అప్పుడు ఖలందర్ ఉన్నాడు. రసూల్‌బీ ఆ రోజు పెట్టలేని శోకం గొంతుదాకా వచ్చి ఉంది. చుట్టూ ఎనిమిది మంది విధవలు. నేను గొంతెత్తాను.

"నా తండ్రీ, నీ తల ఒళ్ళోకి తీసుకుంటే నోరు తెరిచావే. మాట చెబుతావనుకున్నానే. నోటి నిండా తెల్లపొడి పెట్టుకుని నాకేం మాట చెబుతావయ్యా. వేలు పెట్టి తీస్తే తరగలేదే. అన్నం ముద్దలు పెట్టిన నోట్లోంచి పొడి ముద్దలు తీశానే..."

మా ఆడవాళ్ళంతా ఏడ్చారు. వాళ్ళలో ఒక్కరికి కూడా అది రత్తయ్య నోరని అనిపించలేదు. నేను ఎవరి ఏడుపు ఏడుస్తున్నానో వాళ్ళకి తెలుసు. యశస్విని కూడా ఏడ్చింది. కానీ ఆ పిల్ల పెరిగింది అపార్టుమెంట్లో. చావింట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చున్న పిల్ల కాదు.

నాలుగు రోజుల తర్వాత సుల్తానా మా ఇంటికి పరిగెత్తుకొచ్చి, "అత్తా, నిన్ను ఆరు లక్షల మంది చూశారు" అంది.

ఫోన్లో నేనే. శోకం ఒక్కటే ఉంది. ముందు చెప్పిందంతా తీసేశారు. కింద అక్షరాలున్నాయి. కూడబలుక్కుని చదివాను. తాయారమ్మ, భర్త రత్తయ్య. ఆయన పేరు అచ్చులో కనబడగానే ముందు నాకు ఒళ్ళు పులకరించింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. రత్తయ్య పోయినప్పుడు వానపడుతోందని మా వీధి చివరివాళ్ళు కూడా రాలేదు. ఇప్పుడు ఆరు లక్షల మంది వచ్చి నా ముందు కూర్చున్నట్టయింది. కింద ఎవరెవరో మా అమ్మ గుర్తొచ్చిందని, అన్నం తినలేకపోయానని రాశారు. దుబాయ్‌లో ఉన్న ఎవరో నాకు కొడుకుగా ఉంటానన్నాడు. పాలకేంద్రం దగ్గర ఆడవాళ్ళు, "ఇంక నువ్వు మాతో మాట్లాడతావా తాయారూ, సినిమాల్లోకి పిలుస్తారేమో" అని ఆటపట్టించారు.

తర్వాత విజయవాడలో కాలేజీ పిల్లలు పెదాలకి తెల్లపొడి రాసుకుని, నోరు తెరవకుండా రోడ్డు మీద గంటసేపు నిలబడ్డారు. ఆ ఫోటో చూసి హైదరాబాదులో నిలబడ్డారు. ఎక్కడెక్కడి వాళ్ళో ముగ్గుపిండి పెదాలకి పూసుకుని ఫోటో తీసి పెట్టడం మొదలుపెట్టారు. యశస్విని ఫోన్ చేసి, ఉద్యమానికి ఇన్నాళ్ళకి ఒక ముఖం దొరికిందమ్మా అంది. ఆ మాట నాకు సరిగ్గా అర్థం కాలేదు. నా ముఖం అనుకున్నాను.

జగ్గయ్యపేటలో సుల్తానా చదివే కాలేజీలో కూడా ఆడపిల్లలు పూసుకున్నారు. దానికీ పూశారు. ఆ పిల్లకి తండ్రి నోటి సంగతి తెలియదు, తల్లి చెప్పలేదు. తెల్లటి పెదాలతోనే ఇంటికొచ్చింది.

రసూల్‌బీ గుమ్మంలో ఆ పెదాలు చూసింది. ఫోన్ అడిగి తీసుకుని చూసింది. ఆ సాయంత్రం నేను గోడ దగ్గరికి వెళ్ళేసరికి చీకటి పడలేదు, ఆమె ముఖం బాగానే కనబడుతోంది.  ఖలందర్ నోరు రత్తయ్య పేరు మీద తిరుగుతోందని నాకు అప్పటికే అర్థమైంది, కానీ అర్థమైనంత తొందరగా నేను నోరు విప్పలేదు. నాలుగు రోజులు ఆలస్యం చేశాను.

ఆమె అరవలేదు. "బాగా ఏడ్చావు వదినా," అంది. "నాకు కూడా అట్లా ఏడవడం రాదు."

నేను గోడ పట్టుకుని, పద్ధతి ప్రకారం వచ్చేసింది రసూలూ, ఖలందర్ పేరు ముందు చెప్పాను, ఆ పిల్ల కత్తిరించింది అన్నాను. ఆమె తలూపింది. నీ మీద నాకేం కోపం లేదు, పేరు మార్చమను చాలు అంది. ఆయన నోరు ఆయనదని రాయమను అంది.

వెంటనే యశస్వినికి ఫోన్ చేశాను.  ఆ పిల్ల నెమ్మదిగా చెప్పింది. ఇప్పుడు మారిస్తే మొత్తం అబద్ధమంటారట. పైనుంచి విచారణకి ఆర్డరు రాబోతోందట. వచ్చేదాకా ఊరుకుంటే, విచారణలో రసూల్‌బీ గారే స్వయంగా చెప్పొచ్చట, అప్పుడు అందరికీ నిజం తెలుస్తుందట. అందులో నాకు తప్పు కనబడలేదు. విచారణ కావాల్సింది రసూల్‌బీకే కదా. గోడ దగ్గరికి వచ్చి అదే చెప్పాను. ఆమె "సరే, నా గడువు తీరేదాకా ఎట్లాగూ నేను బయటికి రాలేనుగా. నువ్వే ఏడుస్తూ ఉండు," అని నవ్వింది కూడా. నన్ను నమ్మింది.

విచారణకి ఆర్డరొచ్చింది. నందిగామలో, సెప్టెంబరు ఆఖరివారంలో. ఆమె గడువు తీరే రోజుకి నాలుగు రోజుల తర్వాత. అల్లా తన కోసమే తారీఖు పెట్టాడంది రసూల్‌బీ. ఖలందర్ చావు మీద తన పేరున అర్జీ రాసి పంపింది. సుల్తానా నోట్‌బుక్‌లోంచి కాగితాలు చించి, చెప్పాల్సిందంతా వరసగా రాసుకోవడం మొదలుపెట్టింది. రాసింది నాకు చదివి వినిపించేది. ఎక్కడైనా ఎక్కువైందా అని అడిగేది. నేను ఏడిస్తే, "ఇక్కడ ఏడుపు వద్దు వదినా, ఆఫీసరుకి ఏడుపు చెప్పకూడదు" అనేది.

విచారణకి పదిహేను రోజుల ముందు ఇంకో వీడియో వచ్చింది.

ఎవరు తీశారో పేరు లేదు. రత్తయ్య పోయిన ఆస్పత్రిలో అప్పట్లో పనిచేసినాయన అందులో కూర్చుని, ఆ పేషెంటు మంచం మీద పోయాడని, నోరు తనే మూశానని, నోట్లో పొడీ లేదు గిడీ లేదని చెప్పాడు. అబద్ధం ఒక్క ముక్క లేదు. టీబీ కాగితం చూపించారు. తర్వాత నా వేలిముద్ర కాగితం చూపించారు. నా భర్త చావుకీ క్రషర్‌కీ సంబంధం లేదని అందులో ఉంది. నేను ఆ కాగితాన్ని చదవడం అదే మొదటిసారి. చివర్లో నా శోకాన్ని పక్కన పెట్టి, ఏదో కామెడీ పాట కలిపారు.

అది నా వీడియో కంటే తొందరగా తిరిగింది. కొడుకుగా ఉంటానన్నవాడు నన్ను రాయలేని మాటలు రాశాడు. పెదాలకి పొడి పూసుకున్నవాళ్ళు ఫోటోలు తీసేశారు. కొందరైతే పొడి తుడుచుకుంటున్నట్టు కొత్త వీడియోలు పెట్టారు. మా ఊరి హోటల్ దగ్గర మగాళ్ళు నన్ను చూసి, "పొడి తాయారు వస్తోంది, నోరు మూసుకోండ్రా" అనడం మొదలుపెట్టారు. నాతోపాటు కూర్చున్న ఎనిమిది మంది ఆడవాళ్ళ వీడియోల కింద కూడా ఇదీ అబద్ధమేనా అని రాశారు. వాళ్ళు చెప్పింది దగ్గూ, ఆస్పత్రీ, చావూ. దాన్ని ముందు ఎవరూ వినలేదు, ఇప్పుడు ఎవరూ నమ్మలేదు. నాగవల్లి నా ముందు నుంచే తల తిప్పుకుని పోయింది.

యశస్వినికి ఫోన్ చేసి ఇప్పుడైనా రసూల్‌బీ సంగతి రాయమని బతిమాలాను. ఆ పిల్ల గొంతు పూర్తిగా పోయి ఉంది. రాత్రీ పగలూ తిడుతున్నారట, వాళ్ళ నాన్న దుకాణానికి కూడా ఫోన్లు చేస్తున్నారట. "ఇప్పుడు అది వేరే ఆవిడ భర్త అని రాస్తే, దొరికిపోయాక కొత్త కథ అల్లామంటారమ్మా," అంది. సరిచూసుకోకుండా పెట్టినందుకు క్షమించమని నాలుగు వాక్యాలు రాసి పేజీ మూసేసింది. ఆ నాలుగు వాక్యాల్లో రసూల్‌బీ పేరు లేదు. ఖలందర్ పేరు లేదు.

గోడ దగ్గర రసూల్‌బీ ఇవన్నీ విని, "నేను చూసింది నేను చెబుతాను. దానికీ దీనికీ ఏం సంబంధం," అంది. ఈసారి కాగితాలు నాకు చదివి వినిపించలేదు.

విచారణ రోజు పొద్దున్నే ఇద్దరం జగ్గయ్యపేటలో బస్సెక్కాం. నాలుగు నెలల తర్వాత మొదటిసారి బయటికి రావడం ఆమెకి. ఎండకి కళ్ళు చిట్లించుకుంది. ఆడవాళ్ళకి ఉచితం కదా, ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు నా ముఖం వంక, కార్డు వంక రెండుసార్లు చూశాడు. ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో ఖలందర్ ఫోటో, గుర్తింపు కార్డు, రాసుకున్న కాగితాలు. చిల్లకల్లు దగ్గర కవరు తెరిచి, మళ్ళీ ఒకసారి పెదాలు కదుపుతూ చదువుకుంది.

గదిలో పొడుగు బల్ల. ఆఫీసరు గారు అవతల, రాసే గుమస్తా పక్కన. క్రషర్ తరఫున మేనేజరు జగన్నాథరావు, ఆయన వకీలు. మా వైపు మేమిద్దరమే. యశస్విని వచ్చింది కానీ తలుపు దగ్గరే నిలబడింది. మనిషి సగమైపోయింది.

ఆఫీసరు గారు మర్యాదగానే మాట్లాడారు. కూర్చోమన్నారు, మంచినీళ్ళు ఇప్పించారు. ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండమ్మా అన్నారు. రసూల్‌బీ కాగితం చూడకుండానే మొదలుపెట్టింది. ఎనిమిదింటికి డ్యూటీకి వెళ్ళడం, బండి మీద మనిషి రావడం, తుమ్మచెట్టు. గొంతు వణకలేదు. "తల ఒళ్ళోకి తీసుకున్నానండి. నోరు తెరుచుకుంది. నోటి నిండా..." అనేసరికి వకీలు ఒక్క నిమిషం అన్నాడు.

ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. నా గొంతు ఆ గదిలో లేచింది. నా తండ్రీ, నీ తల ఒళ్ళోకి తీసుకుంటే నోరు తెరిచావే. చివరిదాకా వినిపించాడు. ఒక్కొక్క మాటా రసూల్‌బీ చెప్పబోయేదే. గుమస్తా కలం పక్కన పెట్టి కిటికీలోంచి చూస్తున్నాడు. అయిపోయాక జగన్నాథరావు మెల్లగా, "ఇద్దరాడవాళ్ళు, ఇద్దరు మొగుళ్ళు. ఒకటే నోరాండీ," అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. అది ఆమెదేనండీ, నేను ఆమె కోసం ఏడ్చానండీ అని మొదలుపెట్టి, మా పద్ధతి చెప్పాను. ఎవరింటికి పోతే వాళ్ళ ఏడుపు ఏడుస్తామని చెప్పాను. ఎక్కడా ఆపకుండా ఆఫీసరు గారు మొత్తం విన్నారు.

"అయితే మీ భర్త గురించి మీరు చెప్పింది అబద్ధమేనా?"

"అబద్ధం కాదండి. ఏడుపండి."

ఆయన నుదురు రుద్దుకున్నారు. ఏడుపు నేను రాసుకోలేనమ్మా, కూర్చోండి అన్నారు. తర్వాత రసూల్‌బీ వైపు తిరిగి విడమరిచి చెప్పారు. నోట్లో పొడి సంగతి రాస్తే, ఆ వీడియో కూడా దానికి జత చేయాలి. మీరిద్దరూ పక్కిళ్ళవాళ్ళు. ఒకరు చెప్పి ఒప్పుకున్న తప్పుడు మాట ఇంకొకరు చెబితే, మీ అర్జీ మొత్తం ఆ ఒక్క మాట మీదే కొట్టేస్తారు. అది లేకుండా, ఆ రోజు ఆయన డ్యూటీలో ఉన్నాడన్నంత వరకు చెబితే అర్జీ నిలబడుతుంది. ఆలోచించుకోండి, తొందరేం లేదు.

రసూల్‌బీ తలుపు దగ్గర యశస్విని వంక చూసింది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ, వదిలేయమన్నట్టు తలూపింది. రసూల్‌బీ నా వంక చూడలేదు. రాసుకొచ్చిన కాగితాలు మడిచి కవరులో పెట్టింది. కవరు మీద రెండు చేతులూ పెట్టుకుంది. 

"ఆయన ముఖం నేను సరిగ్గా చూడలేదండి," అంది.

గుమస్తా రాశాడు. ఆ రోజు డ్యూటీలో ఉన్నాడని చెప్పింది, రాశాడు. అప్పుడు జగన్నాథరావు హాజరు పుస్తకం తీశాడు. ఖలందర్ ఎదురుగా, పది గంటలకు ఒంట్లో బాగోక ఇంటికి వెళ్ళినట్టు రాసి ఉంది. ఆ సిరా కొత్తదో పాతదో నాకు తెలియలేదు. ఆఫీసరు గారు ఆ పేజీని చాలాసేపు చూసి, ఇంకేమైనా చెప్పేదుందామ్మా అని రసూల్‌బీని అడిగారు. ఆమె దగ్గర ఉన్నది ఒక్కటే. దాన్ని ఐదు నిమిషాల క్రితం ఆమే లేదంది.

లేదండి అంది.

గుమస్తా చదివి వినిపించాడు. మృతుడి ముఖం అర్జీదారు సరిగా చూడలేదు. మృతుడు ఎలా చనిపోయాడో అర్జీదారుకు స్వయంగా తెలియదు. చదవడం అయిపోయాక ఆమె కాగితం చేతిలోకి తీసుకుని మళ్ళీ తనే మొదటినుంచి చివరిదాకా చదివింది. ఏం రాసి ఉందో తెలిసే సంతకం పెట్టింది.

బయట యశస్విని ఏదో చెప్పబోతే ఆమె భుజం తట్టి, ఇంటికి వెళ్ళి అన్నం తినమ్మా అంది. బస్టాండు దాకా ఇద్దరం నడిచాం. నేను ఒక అడుగు వెనక. సెంటరు దాటాక ఆపుకోలేక, నన్ను తిట్టు రసూలూ, కొట్టు, నీ చెప్పు తీసుకుని కొట్టు అన్నాను.

ఆమె ఆగింది. ముసుగు కింద ముఖం ఎండిపోయి ఉంది.

"ఆ రోజు ఆయన నోరు పైటతో తుడిచా వదినా. తెలీక తుడిచా," అంది. "ఇవాళ తెలిసి తుడిచా."

 బస్సు రాగానే ముందు ఆమె ఎక్కింది. ఇద్దరు కూర్చునే సీటులో కిటికీ పక్కన కూర్చుంది. నేను వచ్చేసరికి పక్క సీటు మీద ఆ ప్లాస్టిక్ కవరు పెట్టి, దాని మీద చెయ్యి వేసుకుని, బయటికి చూస్తోంది. వెనక సీట్లు ఖాళీగానే ఉన్నాయి. నేను ఆ సీటు పక్కనే కమ్మీ పట్టుకుని జగ్గయ్యపేట దాకా నిలబడే వచ్చాను.